తిమ్మక్క వరస

"అవ్వ చచ్చిపాయ! అమా, అవ్వను ఎవురో చంపేసినారు!"

కూతురు ప్రతిమ అరుపుకు వంటింట్లో అంబిక చేతిలో గరిటె ఆగింది. నట్టింట్లో సున్నం జల్లిస్తున్న ఆమె అత్త తిమ్మక్క తలెత్తింది.

"నేనీడే ఉండానే పాపా!"

"నువ్వు గాదవ్వా. ట్యాబ్‌లో అవ్వ!"

సెలవుల్లో ప్రతిమ ఆటలో ఒక ఊరు కట్టింది. పేరు తమ ఊరిదే, జంగమకోటె నంబర్ రెండు. మనుషులకు ఇంట్లోవాళ్ళ పేర్లే పెట్టింది. వాళ్ళు పని చేస్తారు, పిల్లల్ని కంటారు, ముసలివాళ్ళవుతారు. పది నిమిషాలకు ఏడాది గడుస్తుంది. బడి మొహం చూడని తిమ్మక్క, ఆటలో తన పేరుగల ముసలామె కోసం మనవరాలిని బతిమాలి పుస్తకాల గది కట్టించుకుంది. రోజూ అన్నం తిన్నాక వచ్చి కూర్చునేది. "ఇప్పుడేం చదువుతాండా నేను?" అని అడిగేది. డెబ్బై రెండేళ్ళకు దొరికిన ఒకే ఒక్క సరదా అది.

ఆ ముసలామె ఇప్పుడు బావి దారిలో కుండ పక్కన పడి ఉంది.

"పని పట్టిక మార్చేసినారప్పా," ప్రతిమ ఏడుస్తూ తండ్రి అమరనాథ్‌కు చూపించింది. "అవ్వ వరసలో వంట, నీళ్ళు, కట్టెలు, ఊడ్చేది, అన్నిటికీ టిక్కు. చదువు తీసేసినారు. నిద్ర గూడా తీసేసినారు!"

అమరనాథ్ ట్యాబ్‌ను వెలుతురుకు వంచాడు. తెరనిండా తెల్లటి వేలిముద్రలు.

"సున్నం," అన్నాడు. "దొంగ దొరికె."

ఇంట్లో పెంచే పట్టుపురుగులు నాలుగో జ్వరంలో ఉన్నాయి. జ్వరమంటే పొర మార్చుకునే నిద్ర. పొర విడిచేదాకా మల్బరీ ఆకు ముట్టవు. పైన సున్నం చల్లి వదిలేయాలి. పొద్దున చల్లింది అత్తాకోడళ్ళే.

"అంబికకు ఆటకు టైమ్ యాడుండాది?" అమరనాథ్ తల్లి వైపు తిరిగాడు. "నువ్వేమా, ఏదో నొక్కేసింటావు."

తిమ్మక్క తన తెల్లటి వేళ్ళు చూసుకుంది. "అట్లే అయ్యుంటాది లేప్పా. నాకేం తెలుస్తాది?"

"ఇంక ఆ ట్యాబ్ ముట్టద్దు నువ్వు. రేపు పురుగులు లేస్తాయి. నేను బాగేపల్లి పెండ్లికి పోవల్ల. ఆకు మోపులు చూసుకో, ఆటలు చాలు."

"సరేప్పా." మోకాలు పట్టుకొని లేచింది తిమ్మక్క. ట్యాబ్ వైపు చూడనైనా చూడలేదు.

అంబికకు చెవులు వేడెక్కాయి. పురుగులకు జ్వరమొస్తే ఆడోళ్ళకు రజా అని అమరనాథ్ పదహారేళ్ళుగా వేస్తున్న జోకు. ఆ సెలవులోనే వారం బట్టలు ఉతకాలి, ఖాళీ తట్టలు కడగాలి, ఇల్లు అలకాలి. ఇవాళ పొద్దున సున్నం చల్లాక, ఒక్క అరగంట దొంగిలించి ట్యాబ్ తీసింది. ఆటలో అంబికను చెరువు గట్టున కూర్చోబెట్టి, నీళ్ళలో కాళ్ళు పెట్టించింది. పనులన్నీ తీసేసింది. వండేవాళ్ళు లేరని ఆట హెచ్చరించింది. వంట తిమ్మక్కకు ఇచ్చింది. నీళ్ళు మోసేవాళ్ళు లేరంది. అవీ ఆమెకే. పని మిగిలిపోతోందంటే చదువు తీసింది, ఇంకా మిగిలితే నిద్ర తీసింది. చెరువు గట్టున అంబిక చల్లగా కూర్చునే ఉంది. కుండతో ముసలామె తూలడం చూసి కూడా, ఇంకొక్క నిమిషం, ఇంకొక్క నిమిషం అనుకుంది. పడిపోగానే ట్యాబ్ మూసేసింది. పట్టికలో వేలు ఒక్క గీత కిందికి జరిపితే అమరనాథ్ వరస. వేట, నిద్ర తప్ప అంతా ఖాళీ. అడిగేవాళ్ళు, అనేవాళ్ళు లేనిచోట కూడా ఆ వరస మీదికి ఆమె వేలు పోలేదు. పోయిన పంటలో తనకు నడుం పట్టేసినప్పుడు మోపు ఎవరి నెత్తికెక్కింది? బరువులు ఎత్తవద్దని చిక్కబళ్ళాపురం డాక్టరు చెప్పిన ఆ ముసలి నెత్తికే. అప్పుడూ తనే పిలిచింది, "అత్తా, ఒక్క మోపు" అని. పక్కనే నిలబడి ఫోన్ చూసుకుంటున్న మనిషిని పిలవాలని తోచనే లేదు.

అంబిక గరిటె దించి బయటికొచ్చింది. అత్తను భుజం పట్టి కూర్చోబెట్టింది. మొగుడి చేతిలోంచి ట్యాబ్ తీసి ఆమె ఒళ్ళో పెట్టింది.

"రేపు మీరు పెండ్లికి పోయేది లేదు. మోపులు మొయ్యల్ల."

"ఇదేం కత? తప్పు చేసింది అమ్మ, మోపు నా నెత్తినా?"

"ఆమె చెయ్యలేదు."

"ఊరుకో అంబికా," తిమ్మక్క మెల్లగా కొంగు లాగింది. "ఆటే గదా అమ్మీ."

అది కోడలి పనేనని అత్తకు ముందే తెలుసు. అంబిక తలెత్తలేకపోయింది.

"మరెవురమా?" అంది ప్రతిమ.

మొగుడి ముఖం చూడడం తేలికే. అత్త ముఖం చూడడమే కష్టం. అంబిక ఆమె ముఖమే చూసింది.

"మీ అప్ప వరస ఖాళీగా ఉంటే, తన పనంతా అత్త మీద పెట్టి ఆమెను చంపింది," అంది, "అంబిక."