ఏం మందు?

మా దిక్కు మందు అనే మాటకు మూడు అర్థాలున్నయి. జరమొస్తే మింగేది మందు. సందేల బెల్టు షాపుల తాగేది మందు. మిరపచేనుకు కొట్టేది మందు. ముప్పై ఏండ్ల సంది మందులమ్ముతున్న అబూబకర్‌కు ఈ ముచ్చట ఎవడన్న చెప్పాల్నా? అయినా ఒక్కనాడు ఆ మాట కాడనే తప్పు చేసిండు. అది చిన్న తప్పని ఎవడన్న అంటే నేనొప్పుకోను, ఆయనా ఒప్పుకోడు.

భద్రాచలం రోడ్డు మీద అడవి మొదలయ్యే మలుపుల ఉంటది ఆఫియా మెడికల్స్. బిడ్డ పుట్టిన నెలకే దుకాణం తెరిచిండు. ఆఫియా అంటే ఆరోగ్యమని బిడ్డకూ దుకాణానికీ ఒక్కటే పేరు పెట్టిండు. బిడ్డ ఇప్పుడు ఖమ్మంల నర్సు. డాక్టరు రాని దినాల ఆ కౌంటరే ఊరికి దవాఖానా. చదువు రానోళ్లకు కవరు మీద పొద్దుటి గోలికి సూర్యుణ్ని, రాత్రి గోలికి చందమామను గీసి ఇచ్చేటోడు. భాయ్ చెప్పిండంటే గూడేలల్ల ఇంక దానికి తిరుగు లేదు.

దుకాణం ఒక ఎత్తు, సంఘం ఒక ఎత్తు. ఇరవై నాలుగేండ్ల కింద బోర్ల కాంట్రాక్టరు గంగయ్య భార్య కాన్పుల నెత్తురు పోయి సావు అంచుకు పోయింది. అబూబకర్ మోటర్‌సైకిల్ మీద ఊర్లన్నీ తిరిగి బొజ్జయ్యను పట్టుకొచ్చిండు. బొజ్జయ్య కోయగూడెపు మనిషి, సూదంటే భయం, అయినా నెత్తురియ్యనీకి చెయ్యి చాపిండు. తల్లి బతికింది, శివకుమార్ పుట్టిండు. ఆ వారమే ముగ్గురు కలిసి రక్తదాతల సంఘం పెట్టిన్రు. గంగయ్య అధ్యక్షుడు, అబూబకర్ కార్యదర్శి, బొజ్జయ్య అందరికన్నా ఎక్కువసార్లు నెత్తురిచ్చినోడు. ఏటా ఒక్కనాడు ఒక్క పళ్లెంల తిని, మనం అన్నదమ్ములమని అనుకునేటోళ్లు. నిజంగనే అనుకున్నరు, అదే నా బాధ. తర్వాత బొజ్జయ్య గంగయ్య మిరపతోటకే కావలిదారుగ కుదిరిండు.

మొన్న మాఘమాసంల, సంతరోజు, పగలు పదకొండు. కౌంటరు ముంగట ఇరవై మంది. ఫోన్ మోగింది.

"భాయ్, మన శివ మందు తాగిండు. పడిపోయిండు, కక్కుతుండు. ఏం జెయ్యాలె?" అన్నడు బొజ్జయ్య.

శివ తాగుతడని ఊరంతా ఎరికే. పోయిన నెలల గిట్లనే రోడ్డు పక్కన పడితే అబూబకరే ఆటోల ఎక్కించి ఇంటికి పంపిండు. ఇప్పుడు పట్టపగలే మొదలు పెట్టిండా అని మనిషికి ఒళ్లు మండింది.

"మజ్జిగ తాపి నీడకు పండబెట్టు. దిగుతది."

"దిగుతదా భాయ్?"

"దిగుతదంటున్న గద. పెట్టెయ్, ఇక్కడ జనమున్నరు."

మిరపచేన్ల ఉన్నోనికి మందంటే పురుగులమందు. మందుల దుకాణపోనికి తాగేటోడు తాగింది సారా. దిగుతదంటే ఒకనికి విషం, ఇంకొకనికి కైపు. ఇద్దరూ ఒకే తెలుగు మాట్లాడిన్రు, ఒకరి మాట ఒకరికి తెలువలే. బొజ్జయ్యకు అనుమానమొచ్చింది, కాని చెప్పింది భాయ్. చెప్పినట్టే మజ్జిగ తాపిండు, నీడకు పండబెట్టిండు, ఈగలు తోలుకుంట కూసున్నడు. రెండు గంటలకు శివ నోట్లకెళ్లి నురుగొచ్చింది. ట్రాక్టర్‌ల వేసుకొని దవాఖానాకు పోయేసరికి పానం లేదు.

పురుగులమందు అన్న మాట సాయంత్రం దుకాణంల విన్నడు అబూబకర్. షటరు దించి ఇంటికి పోయి భార్యకు చెప్పిండు. షాకేరా పోయి తలుపుకు గడియ పెట్టొచ్చింది. "నిన్నెవలన్న అడిగిన్రా?" అన్నది.

"లేదు."

"అయితే ఊకో."

ఊకున్నడు. మర్నాడు శివ దహనానికి పోయిండు, గంగయ్యను కావలిచ్చుకున్నడు, అప్పుడు గూడ నోరు తెరవలే. పిరికితనం, ఇంకేం కాదు. దానికి వేరే పేరు పెడితే నాకు కోపమొస్తది.

తెల్లారి ఎనిమిదింటికి ఊర్ల ఆటో తోలే పూల్‌సింగ్ దుకాణం ముంగట బండి ఆపిండు. "భాయ్, బొజ్జన్నను కల్లంల ట్రాలీకి కట్టేసి కొడుతున్రు. సచ్చిపోతడు," అన్నడు.

అబూబకర్ ఆటోల కూసున్నడు. దారి పొడుగునా ఒక్కటే అడిగిండు, నా పేరు చెప్పిండా అని. చెప్పలేదన్నడు పూల్‌సింగ్. మజ్జిగ ఎవలు తాపమన్నరని ఎంత కొట్టినా, నాకే తోచిందంటుండట.

కల్లమంతా మిరపకాయలు ఎర్రగ ఆరబోసి ఉన్నయి. ట్రాలీ చక్రానికి బొజ్జయ్యను తాడుతో కట్టిన్రు. అంగీ పీలికలైంది, పండ్లు రెండు రాలి కాయల మీద పడ్డయి. గంగయ్య చేతుల తుమ్మకట్టె. కొడుతుండు, ఆగుతుండు, ఎగపోసుకుంట మళ్లా కొడుతుండు. పనోళ్లు నలుగురు చుట్టూ నిలబడ్డరు. ఒకడు ఎండుమిరపకాయలు చేతుల నలిపి బొజ్జయ్య పుండ్లకు రుద్దిండు. బొజ్జయ్య అరిచిన అరుపుకు అబూబకర్ పనోళ్లను తోసుకొని నడుమకొచ్చిండు.

"కొడుకు సస్తుంటే మజ్జిగ తాపినవారా?" అన్నడు గంగయ్య.

"ఆగు గంగన్నా," అన్నడు అబూబకర్. "మజ్జిగ తాపమన్నది నేను. ఫోన్ల నేనే చెప్పిన. సారా అనుకున్న."

గంగయ్య ఆయన దిక్కు చూసిండు. నిన్న ఇదే మనిషి తన మెడ పట్టుకొని ఏడ్చిండు. కట్టె లేచింది. మొదటి దెబ్బ అడ్డం పెట్టిన కుడిచేతి మీద పడ్డది, బొక్క విరిగిన సప్పుడు అందరికీ వినబడ్డది. రెండోది పక్కటెముకల మీద. కిందపడ్డంక కాలితో తన్నిండు, కడుపుల, మొఖం మీద. నోట్లకు నెత్తురు, ముక్కులకు మిరప ఘాటు. అబూబకర్ ఆపమనలే. కొట్టించుకోవాలనే ఉండె ఆయనకు, అది నిజం.

పండుకున్న కాడినుంచే బొజ్జయ్య మొఖం కనబడ్డది. మొన్న పదకొండింటికి అడగాల్సిన మాట అప్పుడొచ్చింది నోటికి.

"బొజ్జన్నా, ఏం మందు?"

కొట్టుడు ఆగింది.

"పురుగులమందు భాయ్. బీరు సీసాల ఉండె. డబ్బా కారుతుందని గంగయ్య పటేలే సీసాల పోసి గుడిసెల మంచం కింద పెట్టిండు. శివ బీరనుకొని ఎత్తిండు."

పనోళ్లు గంగయ్య దిక్కు చూసిన్రు. ఆయన మొఖం చూస్తే అందరికీ అర్థమైంది. నిన్నటి సంది ఆయనకు తెలుసు. ఆ మాట బయటికి రావద్దనే కొడుతుండు.

"అబద్ధం," అన్నడు గంగయ్య. కట్టెను రెండు చేతుల పట్టి బొజ్జయ్య మొఖం మీద కొట్టిండు. ఎడమకన్ను పోయింది. మళ్లా ఎత్తంగనే పనోళ్లే మీదపడి గుంజుకున్నరు. గంగయ్య ఆ కాయల నడుమనే కూలబడి, నేనే పోసిన, నేనే పోసిన అని తల బాదుకున్నడు. పోలీసులొచ్చేదాక లేవలే.

అబూబకర్ ఫోన్ సంగతి ఎస్సైకి చెప్పి, కాయితం మీద ఎడమచేత్తో సంతకం పెట్టిండు. దుకాణం నెల దినాలు తెరవలే.

దవాఖానాల బొజ్జయ్యకు నాలుగు సీసాల నెత్తురెక్కించిన్రు. సంఘపోళ్లే ఇచ్చిన్రు. తొమ్మిదో రోజు మాట వచ్చింది. అబూబకర్ కట్టు కట్టిన చెయ్యి ఒళ్లె పెట్టుకొని మంచం పక్కన కూసున్నడు.

"ఇన్ని దెబ్బలు తిని గూడ నా పేరెందుకు చెప్పలే?"

"చెప్తే నీ దుకాణం ఉంటదా? గూడెపోళ్లు జరమొస్తే యాడికి పోవాలె?" అన్నడు బొజ్జయ్య. "భాయ్, నాకు యాదికొస్తలేదు. ఫోన్ల నేను పురుగులమందనే అన్ననా? ఉత్త మందన్ననా?"

అబూబకర్ అబద్ధం చెప్పొచ్చు. పురుగులమందనే అన్నవు, నేనే సరిగ వినలేదంటే ఆ మనిషి నిద్రపోతడు. కాని ఒక్కసారి ఊకున్నందుకే ఒక కన్ను పోయింది.

"ఉత్త మందన్నవు బొజ్జన్నా. ఏం మందని అడగాల్సింది నేను."

కాదు భాయ్ అంటడేమోనని చూసిండు. అన్ని దెబ్బలకు దాచినోడు, ఈ ఒక్కటి దాచడా అని ఆశపడ్డడు.

"అవ్," అన్నడు బొజ్జయ్య. "అడగాల్సి ఉండె."

ఆ ఒంటికన్నుతోనే భాయ్ దిక్కు ఇంకా చూస్తుండు.