పదో లెక్క

శనివారం ఆఖరి పీరియడ్‌లో నేను పాఠం చెప్పేదాన్ని కాదు. బోర్డు మీద ఒక చిక్కు ప్రశ్న రాసి, చేతులు కట్టుకుని పక్కకు నిలబడేదాన్ని. ఎవరైనా విప్పితే సరే. విప్పకపోతే వచ్చే శనివారం దాకా ఆ ప్రశ్న చెరపవద్దని లీడర్‌కు చెప్పి, భద్రాచలం వచ్చి, ఖమ్మం బస్సెక్కేదాన్ని. ఖమ్మంలోనే, ఖానాపురం హవేలిలో మా ఇల్లు. నేను పనిచేసేది మాత్రం దుమ్ముగూడెం దాటాక అడవి దారిలో ఉన్న ఒక ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో. నా పేరు విశ్రాంతమ్మ. లెక్కల టీచర్ని.

శ్యామల నాకు మొదటిసారి కంటపడింది అలాంటి ఒక శనివారమే. ఎనిమిదో తరగతి. అప్పటికి బడి తెరిచి నెల దాటినా ఆ పిల్ల గొంతు నేను వినలేదు. కిటికీ పక్కన, వెనక వరుసలో కూర్చునేది. ఆ రోజు ప్రశ్న ఇది: మూడు సంచులున్నాయి. ఒకదానిలో ఇప్పపువ్వు, ఒకదానిలో చింతపండు, ఇంకొకదానిలో రెండూ కలిపి ఉన్నాయి. పైన అంటించిన చీటీలు మూడూ తప్పే. ఒకే ఒక్క సంచిలో చెయ్యి పెట్టి, చేతికందింది ఒక్కటి బయటికి తీసి, ఏ సంచిలో ఏముందో చెప్పాలి.

పిల్లలందరూ తలా ఒకటి అరుస్తున్నారు. శ్యామల లేచి నా దగ్గరికి వచ్చి, చెవిలో చెప్పినంత మెల్లగా చెప్పింది.

"రెండూ అని రాసిన సంచిల చెయ్యి పెట్టాలె మేడం. చీటీ తప్పు గదా, అండ్ల ఒక్కటే రకం ఉంటది. అది చింతపండు అనుకో. ఇప్పపువ్వని రాసిన దాంట్ల ఇప్పపువ్వు ఉండదు, చింతపండు దొరికిపాయె. ఇగ అండ్ల రెండూ ఉంటయి. మిగిలింది ఇప్పపువ్వు."

ప్రశ్న రాసిన సుద్ద ఇంకా నా చేతిలోనే ఉంది.

ఆ తర్వాత ప్రతి శనివారం అంతే. ఆమె లేచి వచ్చేది, చెవిలో చెప్పేది, వెళ్లి కూర్చునేది. కానీ నెలవారీ పరీక్షల్లో మార్కులు ముప్పై, ముప్పై ఐదు దాటేవి కావు. ఇంట్లో మాట్లాడేది కోయ. తెలుగు రాయడం కష్టంగా ఉండేది. జవాబు ఒక్కటే రాసి పేపరు ఇచ్చేసేది. "స్టెప్పులు ఏవి శ్యామలా? జవాబు ఆకాశంల నుంచి ఊడిపడ్డదా?" అని నేను విసుక్కునేదాన్ని. తల వంచుకునేది.

వాళ్ల నాన్న పోతయ్య రెండు వారాలకోసారి ఆదివారం కూతుర్ని చూడ్డానికి వచ్చేవాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. సీతాఫలాలు సంచినిండా తెచ్చి, మాగినవన్నీ పైకి పేర్చి ఇచ్చేవాడు. ఒక ఆదివారం నేను బడిలోనే ఉండిపోయాను. నన్ను చూసి అరుగు మీంచి లేచాడు.

"మా పిల్ల మంచిగ లెక్కలు చేస్తదంట గదా పంతులమ్మా? చేను కావలికి పోయినప్పుడు నేనూ అదీ పొడుపు కథలు ఏసుకుంటం. ఏడేండ్ల కాడి నుంచి నేనే ఓడిపోతున్న," అన్నాడు. ఓడిపోవడం గురించి అంత సంతోషంగా చెప్పిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. సంతలో కనబడిన వాళ్లందరికీ కూడా ఇదే చెప్పేవాడని తర్వాత తెలిసింది.

నవంబర్‌లో సర్క్యులర్ వచ్చింది. జనవరిలో ఖమ్మంలో ఉమ్మడి జిల్లా స్థాయి పజిల్ పోటీ. బడికి ఒక్కరే. నా మనసులో శ్యామలే ఉంది. అయినా అందరికీ న్యాయంగా ఉండాలని పరీక్ష పెట్టాను. ఖమ్మంలో కొన్న ఒక పజిల్ పుస్తకంలోంచి పది ప్రశ్నలు తీసుకున్నాను. ఆ పుస్తకం రెండు రోజులు స్టాఫ్ రూమ్‌లో నా టేబుల్ మీదే ఉంది. జవాబులు పుస్తకం వెనక అచ్చువేసి ఉన్నాయి.

పదో ప్రశ్న ఒక కుటుంబం గురించి. అన్న, చెల్లె, తల్లి, అవ్వ వాగు దాటాలి. ఆసరాకు ఒకటే వెదురు కర్ర ఉంది. కర్ర లేకుండా ఎవరూ నీళ్లలో దిగకూడదు. ఒకసారికి ఇద్దరే పట్టుకోగలరు. దాటడానికి అన్నకు ఒక నిమిషం, చెల్లెకు రెండు, తల్లికి ఐదు, అవ్వకు ఎనిమిది. ఇద్దరు కలిసి దిగితే మెల్లగా నడిచేవాళ్ల నడకే లెక్క. ప్రతిసారీ ఎవరో ఒకరు కర్ర వెనక్కి తేవాలి. నలుగురూ దాటడానికి తక్కువలో తక్కువ ఎంతసేపు?

నేనూ వేసి చూశాను. అన్న చురుకైనవాడు. ఒక్కొక్కరినీ వెంటబెట్టుకుని దాటించి తిరిగొస్తాడు. పదిహేడు నిమిషాలు. పుస్తకం వెనకా పదిహేడే ఉంది.

పేపర్లు దిద్దాను. రూప్లి అనే అమ్మాయికి ఏడు వచ్చాయి. చక్కగా, వరుసగా, స్టెప్పులతో. శ్యామలకు తొమ్మిది. ఒక్క స్టెప్పు లేదు. పది ప్రశ్నల నంబర్లు, పక్కన పది జవాబులు. పదోదానికి మాత్రం పదిహేను అని రాసింది.

అవి ఎంత గట్టి ప్రశ్నలో నాకు తెలుసు. రెండు మూడు నాకే అరగంట పట్టాయి. అప్పుడు గుర్తొచ్చింది, ముందురోజు సుద్దముక్కల డబ్బా తెమ్మని స్టాఫ్ రూమ్‌కు పంపింది శ్యామలనే. తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది కూడా. ఎందుకు పట్టిందో నేను అడగలేదు. నాకు నేనే జవాబు చెప్పుకున్నాను.

తరగతి ముందు నిలబెట్టి అడిగాను. "నిజం చెప్పు. బుక్ చూసినవా?"

"లేదు మేడం."

"మరి స్టెప్పులేవి? ఇప్పుడు చెయ్యి. పదోది బోర్డు మీద చెయ్యి."

సుద్ద తీసుకుంది. ఏదో రాయబోయి ఆగి, నా వైపు తిరిగింది. "మేడం, అమ్మ, అవ్వ ఇద్దరు కలిసి పోవాలె... మెల్లగ నడిసేటోళ్లు వేరు వేరు పోతే..."

"తొమ్మిది చూసి రాసినవ్. పదోది చూసి రాసుడు గూడ సక్కగ రాలేదు నీకు," అన్నాను. కొందరు పిల్లలు నవ్వారు. శ్యామల సుద్దను బోర్డు అంచు మీద పెట్టేసి నిలబడింది.

హెడ్మాస్టర్ బాబూరావు గారు పోతయ్యకు కబురు పెట్టారు. సోమవారం మధ్యాహ్నానికి వచ్చాడు. హెడ్మాస్టర్ గదిలో నేనే చెప్పాను జరిగింది. పోతయ్య ముందు అర్థం కానట్టు చూశాడు. తర్వాత కూతురి వైపు చూశాడు. "పుస్తకం తీసి చూసినవా?" అన్నాడు. శ్యామల తల అడ్డంగా ఊపింది. ఆయన నా ముఖం చూశాడు. ఇరవై రెండేళ్ల సర్వీసున్న పంతులమ్మ అబద్ధం ఎందుకు చెబుతుంది? కూతురి వీపు మీద ఒక్క దెబ్బ వేశాడు. ఆ చప్పుడు వరండా దాకా వినబడింది. తర్వాత రెండు చేతులూ జోడించాడు.

"తప్పయింది పంతులమ్మా. మా ఇంట్ల దొంగతనం లేదు. ఎట్ల నేర్చిందో ఏమో."

"ఈసారికి వదిలేస్తున్న. వారం రోజులు ఇంటికాడ ఉంచి పంపియ్యండి," అన్నాను. పెద్ద మనసు చేసుకున్నాననే అనుకున్నాను. పెట్టె నెత్తిన పెట్టుకుని నాన్న ముందు, వెనక పది అడుగుల దూరంలో కూతురు గేటు దాటారు.

వారం గడిచింది. రాలేదు. ఒకసారి కబురు చేశాం. తర్వాత రూప్లిని పోటీకి తయారుచెయ్యడంలో పడిపోయాను.

జనవరిలో ఒక శనివారం నాడు ఖమ్మంలో పోటీ. రాత పరీక్ష కంటే ముందు పిల్లల బెరుకు పోవడానికి ఒక ప్రశ్న ఇస్తామని, మురళీకృష్ణ అనే లెక్చరర్ బోర్డు దగ్గరికి వచ్చారు. వాగు, నలుగురు మనుషులు, ఒక కర్ర. అదే ప్రశ్న. రూప్లి అందరికంటే ముందు చెయ్యెత్తి, "పదిహేడు సార్," అంది. నేను గర్వంగా నవ్వాను.

"చాలామంది అదే అంటరు బిడ్డా. కొన్ని పుస్తకాలల్ల గూడ తప్పుగనే అచ్చేసిన్రు," అన్నారాయన. "అవ్వకు ఎనిమిది, తల్లికి ఐదు. వేరువేరుగ పోతే రెండూ లెక్కల కలుస్తయి. ఇద్దరూ కలిసి పోతే తల్లి అయిదు అవ్వ ఎనిమిదిల మునిగిపోతది. ముందు అన్నాచెల్లెండ్లు దాటాలె, రెండు. అన్న కర్ర తెస్తడు, ఒకటి. తల్లి, అవ్వ కలిసి, ఎనిమిది. అవతల చెల్లె ఉండనే ఉన్నది, ఆమె కర్ర తెస్తది, రెండు. మళ్లా అన్నాచెల్లెండ్లు, రెండు. ఎంతాయె?"

"పదిహేను," అన్నారు పిల్లలు.

రూప్లి వెనక్కి తిరిగి నన్ను చూసింది. "మేడం, ఆ రోజు శ్యామల గిదే చెప్పబోయింది గదా?"

"అవ్," అన్నాను.

పుస్తకం చూసి రాసిన పిల్ల అయితే పదిహేడు రాసేది. ఈ ఒక్క సంగతి నాకు ఆ రోజే తట్టాలి. ఎనిమిదో తరగతి పిల్లలకు రోజూ నేర్పే ఆలోచనే అది. నాకు తట్టలేదు.

మర్నాడు చర్చికి వెళ్లలేదు. మొదటి బస్సుకు భద్రాచలం, అక్కణ్నుంచి దుమ్ముగూడెం, అక్కణ్నుంచి షేర్ ఆటో, ఆ తర్వాత నడక. ఊళ్లోకి చేరేసరికి మధ్యాహ్నమైంది. శ్యామల వాళ్ల అమ్మ పుల్లమ్మ వాకిట్లో చాట పట్టుకుని కూర్చుని ఉంది. నేనెవరో చెప్పాను. మంచం వాల్చింది. నీళ్లిచ్చింది.

"పోతయ్య లేడా?" అన్నాను.

"లేడమ్మా. పత్తి ఏరేటప్పుడే పాయె. జెరమొచ్చింది. పది రోజులు మంచంల ఉండె."

నీళ్ల చెంబు కింద పెట్టాను. శ్యామల అప్పుడే కట్టెల మోపుతో వచ్చింది. మోపు దించి, చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. రెండు నెలల క్రితం యూనిఫామ్‌లో ఉన్న పిల్ల.

"బాగున్నరా మేడం?"

"నీ జవాబే కరెక్టు శ్యామలా. పుస్తకమే తప్పు. నాదీ తప్పే. నువ్వు చూసి రాయలేదు," అన్నాను.

"నాకు తెలుసు మేడం," అంది.

కోపం లేదు ఆ మాటలో. ఉంటే బాగుండేది.

తర్వాత తనే చెప్పింది. "అయ్య జెరంల గూడ అదే అడిగెటోడు. నిజం చెప్పు బిడ్డా, తీసినవా అని. లేదంటే మొకం గోడకు తిప్పుకునెటోడు. పంతులమ్మ అబద్ధమాడదు, నా బిడ్డనే నాతోని అబద్ధమాడుతుందని మా అమ్మతోని అన్నడు. తిండి తినలే. ఇగ ఆఖరికి తీసిన అయ్యా అని చెప్పిన. ఒప్పుకుంటె మనసు నిమ్మలమయితదని. పోనీ బిడ్డా, ఇంకెప్పుడు తీయకు అని నా తలకాయ నిమిరిండు. ఆ పూట ఇంత గంజి తాగిండు. తెల్లారి పాయె."

పుల్లమ్మ చాట పక్కన పెట్టింది. ఈ సంగతి ఆమె కూడా అప్పుడే వింటున్నదని ఆ ముఖం చూస్తే అర్థమైంది.

"చేయని దొంగతనం ఒప్పుకున్న మేడం. ఆ మాట వాపసు తీసుకుందామంటె ఇప్పుడు అయ్య లేడు," అంది శ్యామల.

నేను ఏడ్చాను. ఆ పిల్ల ఏడవలేదు. బడికి రమ్మన్నాను. సోమవారం ప్రార్థనలో అందరి ముందూ నా తప్పు చెబుతానన్నాను. ఎన్ని రోజులైనా దగ్గర కూర్చోబెట్టుకుని రాయడం నేర్పిస్తానన్నాను.

"వద్దు మేడం. అమ్మ ఒక్కతే అయితది. మిరపకోతలొస్తున్నయి," అంది. తర్వాత నేల చూస్తూ, "ఎవరన్న ఏదన్న అడిగితె, తెలిసినా చెప్పాలంటె భయమైతంది," అంది.

అన్నం తినకుండా పంపలేదు పుల్లమ్మ. చింతపులుసు పోసింది. ఆ ఇంట్లో కూర్చుని ఆ అన్నం ఎలా తిన్నానో నాకే తెలియదు. తిన్నాను.

సోమవారం ప్రార్థనలో చెప్పాను. రూప్లి ఏడ్చింది. వినాల్సిన ఇద్దరూ అక్కడ లేరు. ఆ తర్వాత మూడుసార్లు ఆ ఊరికి వెళ్లాను. రెండుసార్లు తాళం ఉంది. మూడోసారి శ్యామల మిరప తోటలో ఉందని పక్కింటివాళ్లు చెప్పారు. దూరం నుంచి చూశాను. వంగి వరస పట్టి కోస్తున్న ఆడవాళ్లలో ఎవరు తనో పోల్చుకోలేక తిరిగొచ్చాను.

మార్చి చివర్లో బడి మానేసిన పిల్లల వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించమన్నారు. బాబూరావు గారు నన్ను పిలిచి, మీ క్లాసులో ఒకటే పేరుందన్నారు. కారణం అని ఉన్నచోట ఏం రాయాలో నేను చెప్పాను: "టీచర్ తప్పు వల్ల అని రాయండి సార్."

ఆయన కళ్లద్దాలు తీసి నా వైపు చూశారు. "గట్ల రాసేందుకు లేదు మేడం. అండ్ల ఉన్న కారణాలల్లనే ఒకటి నొక్కాలె."

తెర మీద కారణాల వరుస చూపించారు. అనారోగ్యం. వలస. పేదరికం. ఇంటి పని. చదువుపై ఆసక్తి లేకపోవడం. నేను రెండుసార్లు చదివాను.

"ఆసక్తి లేదు అన్నది మాత్రం నొక్కకండి సార్," అన్నాను.

ఆయన ఇంటి పని అన్నచోట నొక్కారు. శ్యామల పేరు బడి జాబితాలోంచి పోయింది. బయట ఏడో తరగతి పిల్లలు గంట కోసం ఎదురుచూస్తూ వరండాలో నిలబడి ఉన్నారు. నేను హాజరు పట్టీ తీసుకుని తరగతిలోకి వెళ్లాను.