ఐదో బావి దగ్గర వాసన

మిట్టమధ్యాహ్నం ఐదో బావి వాల్వు కారడం మొదలుపెట్టింది. భూమి అడుగున కుతకుత ఉడికే నీళ్లను పైకి రప్పించి, ఆ ఆవిరితో కరెంటు తీసే చోటు అది. బావి నోటి చుట్టూ తవ్విన లోతు గుంతలోకి ముక్కు మామ వంగి వాసన చూస్తున్నాడు.

ఆవిరితోపాటు విషవాయువు కూడా వస్తుంది, కుళ్లిన గుడ్ల కంపుతో. దాన్ని పసిగట్టే మీటర్లు రెండున్నాయి. అతిథులకు చూపించడానికి వాటిని ఆఫీసు అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. పైన పటారం, లోన లొటారం. అందుకని ఎవరు గుంతలోకి దిగాలన్నా ముందు ముక్కు మామ వాసన చూసి చెయ్యి ఊపాలి. అందరిలాగే కూలి ఐదు వందలు, ముక్కుకి ఇంకో యాభై.

"గుడ్డి కన్నా మెల్ల నయం" అని మేస్త్రీ నవ్వేవాడు.

ఆ ముక్కు చచ్చి నాలుగు నెలలైంది. ఇంట్లో కూర మాడి పొగ కమ్మినా మామకు తెలియలేదు. ఆ బావుల గాలే తన ముక్కును తినేసిందని అర్థమైనా నోరు మెదపలేదు. మెదిపితే యాభైతో పాటు ఐదు వందలూ పోతాయి. అయినా ఎదుటివాడు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. చుట్టూ ఉన్నవాళ్ల ముక్కులు ముడుచుకోవడం చూసి "గ్యాసురా!" అని అరిచేవాడు. అలా నెట్టుకొచ్చాడు.

ఇవాళ అతిథులొస్తున్నారని అందరి మొహాలకీ మందపాటి కొత్త గుడ్డ మాస్కులు కట్టించారు. మామకు వాళ్ల కళ్లు తప్ప ఏమీ కనబడలేదు.

"ఏం మామా, దిగనా?" అన్నాడు అల్లుడు, వాల్వు బిగించే పానా పట్టుకుని. మామ అక్కడ అందరికీ మామే గానీ, వీడికి మాత్రం పిల్లనిచ్చిన మామ.

మామ వాడి కళ్లలోకి చూశాడు, ఏమీ తెలియలేదు. చెయ్యి మాత్రం అలవాటుగా ఊగింది.

అల్లుడు ఇనుప నిచ్చెన నాలుగు మెట్లు దిగి చెయ్యి వదిలేశాడు. కేకైనా వెయ్యలేదు. కొక్కెం వేసి పైకి లాగేసరికి ప్రాణం లేదు.

శవాన్ని షెడ్డులో పడుకోబెట్టారు. క్యాంటీన్‌లో గిన్నెలు తోమే మామ కూతురు సబ్బు చేతులతోనే పరిగెత్తుకొచ్చి మొగుడి మీద పడిపోయింది. అవతల మైకులో అతిథుల్లో పెద్దాయన చెబుతున్నాడు, పొగ లేదట, బొగ్గు లేదట, పదేళ్లలో ఇలాంటి బావులు ఇంకో నలభై వస్తాయట. చప్పట్లు మోగాయి.

మేస్త్రీ మామను గుమ్మం దగ్గరికి లాగాడు.

"నువ్వు వద్దన్నా వినకుండా దిగాడని చెప్పు. లేకపోతే నీ మెడకే చుట్టుకుంటుంది. నీ పనికి నాది పూచీ. ముందు మూడో బావి దగ్గరికి పద, అతిథులు చూస్తారంట. వాసన చూసి చెయ్యి ఊపు."

మామ షెడ్డులోకే చూస్తున్నాడు.

"ఏంటయ్యా, వినబడట్లేదా?"

"ఊపను." మామ గొంతు పెద్దదైంది. "వాణ్ని నేను వద్దనలేదు మేస్త్రీ. దిగమన్నాను. నాకు వాసన రాదు. నాలుగు నెలలైంది. మీటరు తెచ్చేదాకా ఎవర్నీ దిగనివ్వను."

షెడ్డులో ఏడుపు ఆగిపోయింది. కూతురు లేచి నిలబడి తండ్రి వైపు చూస్తోంది.