వద్దన్నా చేసిన మర్యాద

మా వైపు "వద్దండీ" అన్న మాటకి విలువ లేదు. చుట్టం చాలు చాలంటూ విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే, ఆ చేతి పక్క నుంచి ఇంకో గరిటె వేస్తాం. వెయ్యకపోతే ఇంటికెళ్ళి మనల్ని ఆడిపోసుకుంటారు. నేనూ అలా వేసినదాన్నే. కానీ బన్నీ బడి విషయంలో ఆ మర్యాద చేసిన నష్టం తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

బన్నీ మా అబ్బాయి కొడుకు. ఐదో ఏడు నడుస్తున్నా మాట రాలేదు. పిలిస్తే చూసేవాడు కాదు. మిక్సీ తిప్పితే చెవులు మూసుకుని మంచం కింద దూరేవాడు. భీమవరంలో మాది కిరాణా కొట్టు. సరుక్కొచ్చిన ప్రతివాళ్ళూ ఓ సలహా పారేసి పోయేవారు. నాలుక మీద వస రాయమన్నారు, రాశాం. పిఠాపురం వెళ్ళి మొక్కుకోమన్నారు, మొక్కుకున్నాం. చివరికి సత్యప్రసాద్ గారి నర్సరీ బడిలో ఇలాంటి పిల్లల కోసం ఒక గది విడిగా పెట్టారని తెలిసి వాణ్ణి అక్కడ చేర్పించాం.

ఆ గది టీచరు దుర్గాశ్రీ. ఇలాంటి పిల్లలకి చెప్పడం కోసమే వైజాగ్‌లో చదువుకుని వచ్చింది. ఎంత ఓపికో ఆ పిల్లకి! గ్లాసు బన్నీకి ఎదురుగా పట్టుకుని "నీళ్ళు" అనేది. వాడు అనేదాకా ఆగేది. వరండాలో కూర్చున్న నాకు మాత్రం ప్రాణం విలవిల్లాడేది.

"ఇచ్చెయ్యవే తల్లీ, పిల్లాడికి దాహమేస్తంది" అని అరిచేదాన్ని.

"కాసేపు ఉండండి మామ్మగారూ" అనేది నవ్వుతూ.

వేసవి వెళ్ళింది. వానలు పడ్డాయి. ఒక మధ్యాహ్నం వాడు "నీ" అన్నాడు. తర్వాత "నీళ్ళు" అన్నాడు. దసరా ముందు, గదిలోంచి బయటికొచ్చి నా మొహంలోకి చూసి "మామ్మ" అన్నాడు. అక్కడే కూలబడి ఏడ్చాను. ఎంత గయ్యాళిదాన్నయినా మనిషినే కదా.

ఆ గది ఖర్చంతా రొయ్యల చెరువులవాళ్ళది. రొయ్యలు పట్టి అమ్మినప్పుడల్లా తలా కొంత ఇచ్చేవారు. మరుసటి ఏడు రొయ్యకి తెల్లమచ్చ రోగం తగిలింది. చెరువులకి చెరువులే చచ్చి తేలాయి. ఇచ్చినవాళ్ళే మేత కొట్లలో బాకీపడి మొహం చాటేసుకు తిరిగారు. మిగతా పిల్లల తల్లులేమో "మా ఫీజులతో వాళ్ళకి విడిగా టీచరెందుకు?" అని గొణగడం మొదలుపెట్టారు. సత్యప్రసాద్ గారు చెడ్డవాడు కాదు. కొన్నాళ్ళు సొంత డబ్బు పెట్టాడు. ఇక దీపావళి దాటితే గది మూసెయ్యక తప్పదన్నాడు.

అప్పుడు పాలకొల్లు నుంచి గున్నేశ్వరరావు గారని ఓ రైసుమిల్లు యజమాని ఫోను చేశాడట. గది చూసి, నచ్చితే ఖర్చంతా తనే పెట్టుకుంటానన్నాడట. "ఒక్కటే మాటండి. హడావిడేమీ వద్దు. ఊరికే వచ్చి ఓ మూల కూర్చుని చూసి వెళ్తాను" అన్నాడట.

సత్యప్రసాద్ గారు వెంటనే బ్యాండు మేళానికి బయానా ఇచ్చాడు.

"ఆయన వద్దన్నారు కదండీ!" అంది దుర్గాశ్రీ.

"పెద్దోళ్ళు అలాగే అంటారమ్మా. వద్దన్నారని ఊరుకుంటే ఏం బాగుంటది?"

"పిల్లలు బెదురుతారండీ. బన్నీ అయితే అసలు తట్టుకోలేడు."

"ఐదు నిమిషాలేగా. చెవుల్లో దూది పెడదాం."

"ముందు మీ బుర్రలో పెట్టండి ఆ దూది" అన్నాను నేను. ఆయన పగలబడి నవ్వాడు. మా వైపు కోపానికీ విలువ లేదు.

గురువారం పొద్దున్నే గేటు దగ్గర దండ, శాలువా, బ్యాండు, సీమటపాకాయలు, అన్నీ సిద్ధం. కారు సందు మలుపు తిరిగిందో లేదో డప్పులు మోగాయి, టపాకాయలు అంటించారు. కారు దూరంగానే ఆగిపోయింది. కాసేపు అలాగే ఉంది. ఎవరూ దిగలేదు. తర్వాత వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. సత్యప్రసాద్ గారు దండ పట్టుకుని పొగలో నిలబడిపోయాడు. లోపల బన్నీ బల్ల కింద దూరి గొంతు పగిలేలా కేకలు పెడుతున్నాడు. పైకి తీయబోయిన దుర్గాశ్రీ చేతిని కొరికేశాడు.

"బ్యాండు చిన్నదైపోయిందండీ. తణుకు నుంచి పిలిపించాల్సింది" అన్నాడు సత్యప్రసాద్ గారు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

"ఫోను చేసి కనుక్కోండి బాబూ!" అన్నాను.

"కోపమొచ్చి వెళ్ళిపోయారండి ఆయన. ఏ మొహం పెట్టుకుని అడగమంటారు?"

అడగలేదు. దీపావళి వెళ్ళింది. జీతం లేకుండా దుర్గాశ్రీ మాత్రం ఎన్నాళ్ళుంటుంది? వైజాగ్‌లో ఇలాంటి పిల్లల బడిలోనే ఉద్యోగం దొరికితే వెళ్ళిపోయింది. గదిలో కంప్యూటర్లు పెట్టారు. బన్నీ ఇంట్లోనే ఉండిపోయాడు. వాడి మాటలు ఒక్కొక్కటే పోయాయి. అన్నింటికన్నా చివర "మామ్మ" పోయింది.

సంక్రాంతి వెళ్ళాక ఓ సాయంత్రం మా కొట్టు ముందు కారాగింది. గున్నేశ్వరరావు గారు. బడికి వెళ్తే, టీచరు కొత్త నంబరు నా దగ్గరుంటుందని పంపారట. కారులో నాలుగేళ్ళ పాప వెనక సీటు గుడ్డని గోటితో గీకుతోంది.

"మా మనవరాలండి, పాపాయి" అన్నాడు. "మీ మనవడి లాంటిదే. ఆరోజు దీన్ని కూడా తెచ్చాను. ఆ చప్పుడికి కారులో గిలగిల్లాడిపోయిందండి. ఇది బెదురుతుందనే వద్దని ముందే చెప్పాను."

"మరి తర్వాతైనా ఒక్క ఫోను చెయ్యలేకపోయారా?"

"దండ పట్టుకుని నిలబడ్డ మనిషిని వదిలేసి వెళ్ళిపోయానండి. ఏ మొహం పెట్టుకుని చేస్తాను? వాళ్ళే చేస్తారేమోనని చూశాను."

ఛీ, ఏం మనుషులమండీ మనం! అటు చూస్తే మొహమాటం, ఇటు చూస్తే మొహమాటం. మధ్యలో పిల్లల నోళ్ళు మూతపడ్డాయి. ఆ మాట మొహం మీదే అన్నాను.

మా కొట్టు ఫోను నుంచే దుర్గాశ్రీకి కలిపాం. గది తెరిపిస్తాననీ, ఎంత జీతమైనా ఇస్తాననీ ఆయన బతిమాలాడు. అక్కడి పిల్లలు ఇప్పుడిప్పుడే తనకి అలవాటు పడుతున్నారనీ, వాళ్ళని మధ్యలో వదిలి రాలేననీ చెప్పిందట. ఫోను నాకిచ్చాడు.

"మామ్మగారూ, బన్నీ నా గురించి అడుగుతున్నాడాండీ?"

వాడు బియ్యం బస్తాల వెనకాల గోడకి మొహం పెట్టుకుని కూర్చున్నాడు. చెబుదామని నోటిదాకా వచ్చింది. చెబితే ఆ పిల్ల అక్కడ ఉండనూ లేదు, ఇక్కడికి రానూ లేదు.

"లేదమ్మా, అడగట్లేదు" అన్నాను.

"పోన్లెండి. అలవాటు పడ్డాడన్నమాట" అంది, ఊపిరి పీల్చుకుంటూ.

"ఆఁ, అలవాటు పడ్డాడమ్మా" అని ఫోను పెట్టేశాను.