మబ్బు దిగిన పూట మింగా

అడవి దారి గేటుకు కొత్త తాళం. అవతల గని కంపెనీ కాపలావాళ్ళు, వాళ్ళ ట్రక్కు. డ్రైవరు సీట్లో తన అక్క కొడుకు వీల్మెర్ కనిపించేసరికి రోసౌరా ఒళ్ళు మండిపోయింది.

"దారి మూసేశాం, వెనక్కి పో," అన్నాడు కాపలావాళ్ళ పెద్ద బర్రేగా.

"బీడుగా ఉన్నప్పుడు ఈ కొండకు తాళం ఎందుకు వెయ్యలేదయ్యా? మేం చెట్లు నాటి అడవి చేశాక గుర్తొచ్చిందా?"

అడవి తిరిగి లేచిన నాటి నుంచి ఏటా వానాకాలం ముగిసే ముందు రోసౌరా ఏటిగట్టున కూర్చుని కప్పల కూతలు రికార్డు చేస్తోంది. అది ఉత్త పిచ్చిచెట్ల గుంపేనని, బతికే జీవమే లేదని కంపెనీ కోర్టుకెక్కింది. ఈ ఏడాది రికార్డు లేకపోతే కేసు పోతుంది, అడవి మధ్యనుంచి గని రోడ్డు పడుతుంది. ఏటిగట్టు కప్ప వాన వెలిసి మబ్బు నేలకు దిగినప్పుడే కూస్తుంది. ఇవాళ మబ్బు దిగింది.

రోసౌరా వెనక్కి తిరిగింది. కానీ ఇంటికి పోలేదు, చర్చి గంట లాగింది.

గంట మోగితే మింగా. ఇంటికొకరు ఊరి పనికి రావాలి. పారలు, కొడవళ్ళు, ఉడికిన మొక్కజొన్నల గంపతో ఊరంతా గేటు ముందు నిలబడింది. దారి బాగుచేసే పని అని చెప్పి, ఊరి పెద్ద దోన్ సెగుందో ఇళ్ళ పేర్లు పిలిచాడు. పలకని ఇంటికి ఊరి కుళాయి నీళ్ళు బంద్.

"కార్మెలీనా ఇల్లు!"

ఎవరూ పలకలేదు.

"అక్క కాలు విరిగి మంచంలో ఉంది. ఆ ఇంటివాడు గేటవతల కూర్చున్నాడు," అంది రోసౌరా.

"వాడు నా జీతగాడు!" అని నవ్వాడు బర్రేగా.

"కార్మెలీనా ఇల్లు!" సెగుందో గొంతు కొండకు తగిలి తిరిగొచ్చింది.

వీల్మెర్ ఇంజను ఆపి దిగాడు. "ఉన్నా."

గేటు తాళంచెవి ట్రక్కు గుత్తిలోనే ఉంది. గేటు తెరిచి గుత్తి జేబులో వేసుకున్నాడు. ఊరంతటినీ చూసి మిగతా కాపలావాళ్ళు జారుకున్నారు.

"నీ ఉద్యోగం ఊడిందిరా!"

"ఊడనీ సార్. మా అమ్మకి నీళ్ళు మీరు మోస్తారా?"

కొండెక్కి ఏటిగట్టు చేరాక జనమంతా ఊపిరి బిగబట్టారు. రోసౌరా రికార్డరు నొక్కింది. అంతలో కింద నుంచి ట్రక్కు హారను బొంయ్యిమంది. ఆగదే! బర్రేగా దానిమీద మోచెయ్యి ఆనించి కూర్చున్నాడు. పైన మబ్బు పలచబడుతోంది.

"వీణ్ణి..." అని కొడవలి పైకెత్తాడు ఒకాయన.

"దించు బాబాయ్," అన్నాడు వీల్మెర్. "తాళంచెవులు నా దగ్గరున్నాయి, ఇంజను లేవదు. ఆ బ్యాటరీ ముసలిది, హారనుకే ఖాళీ అయిపోతుంది. రోజూ తోసేది నేనేగా పిన్నీ!"

హారను కాసేపటికి బొంగురుపోయింది. గురక పెట్టింది. పిల్లిలా మూలిగి ఆగిపోయింది.

నిశ్శబ్దం. ఎవరూ కాలు కూడా కదపలేదు. మబ్బు చివరి కొస రాళ్ళ మీద జారుతుండగా, నాచు కింద నుంచి గులకరాళ్ళు కొట్టినట్టు ఒక కూత. దానికి ఆవలిగట్టున బదులు. ఆపైన ఏరంతా అదే గోల.

రోసౌరా కళ్ళు తుడుచుకోలేదు. చెయ్యి కదిపితే చప్పుడవుతుంది.

దిగి వస్తుంటే గేటు దగ్గర బర్రేగా ఎదురయ్యాడు. "ఏయ్, ట్రక్కు తోయడానికి నలుగురు రండి."

"గంట అదిగో," అంది రోసౌరా, రికార్డరును రవికెలో దోపుకుంటూ. "మింగా పిలువు. మీ కంపెనీకి ఎవడు పలుకుతాడో చూద్దాం."