సాయంత్రానికల్లా ఐదు డిగ్రీలు

తెల్లారేసరికి మల్బరీ చిగుళ్ళన్నీ నల్లబడిపోయాయి.

హిక్మత్ కాలవ గట్టు మీద నిలబడి ఒక కొమ్మ వంచి చూశాడు. నిన్న సాయంత్రం దాకా వేలిగోరంత ఆకులు తళతళలాడుతూ ఉన్నాయి. ఇప్పుడు ముట్టుకుంటే ఉడికిన కూరాకులా వేలికి అంటుకుని ఊడి వస్తున్నాయి. ఫెర్గానా లోయలో ఏప్రిల్లో ఇలా మంచు కాటేయడం కొత్తేమీ కాదు. కాకపోతే ఈ ఏడు అంతకు ముందు రెండు వారాలు ఎండ దంచేసింది. చెట్లు తొందరపడి చిగిర్చాయి. చెట్లను చూసి పట్టుగుడ్ల కేంద్రం వాళ్ళూ తొందరపడి గుడ్లను పొదుగు గదిలో పెట్టేశారు.

భార్య మవ్‌జుదా వచ్చి అతని వెనక నిలబడింది. పురుగుల కోసం ఇంట్లో పెద్ద గది ఖాళీ చేసి, సున్నం కొట్టి, చెక్క అరలు కట్టి సిద్ధంగా ఉంచింది. ఏటా ఒక నెల ఆ గది పురుగులది. ఇంటిల్లిపాదీ వసారాలో పడుకోవాల్సిందే.

"ఎల్లుండి పురుగులిస్తామన్నారు. ఏం పెట్టమంటావు వాటికి? నా తలకాయా?"

"మళ్ళీ చిగురిస్తాయిలే."

"ఎప్పటికి?"

"పది రోజులు పట్టచ్చు."

"పది రోజులు పస్తుంటాయా పురుగులు? రోజా ఉపవాసాల నెలలో సాయంత్రం నాలుగయ్యేసరికి నీ మొహమే చూడలేం, ఇక పురుగెలా ఉంటుంది?"

హిక్మత్ నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు. జేబులో ఫోను మోగింది. హాసియత్ ఓపా. పట్టుగుడ్ల కేంద్రంలో పొదుగు గది బాధ్యత ముప్పై ఏళ్ళుగా ఆవిడదే. ఊరందరికీ ఆవిడ ఓపాయే, అందరికీ అక్కే. హిక్మత్ చల్లదనం మిషన్లూ, తేమ మిషన్లూ బాగుచేస్తాడు. పెళ్ళి హాళ్ళు, మందుల గోదాములు, నూలు మిల్లు, అన్నీ తిరుగుతాడు. ఓపా ఫోను చేసిందంటే పొదుగు గదిలో ఆవిరి యంత్రం మొరాయించిందని అర్థం. ఆ యంత్రాన్ని అక్కడి ఆడవాళ్ళు ముద్దుగా సమోవార్ అంటారు. టీ కాచుకునే సమోవార్ లాగే అదీ రోజంతా బుసబుసమంటూ గదికి ఆవిరి పడుతుంది.

"సమోవార్ ఆగిపోయిందా ఓపా?"

"సమోవార్‌కేం, దివ్యంగా ఉంది. నాకు చల్లగది కావాలి. ఇవాళే. బయల్దేరావా, ఇంకా మంచంమీదే ఉన్నావా?"

 గుడ్లు చలికాలమంతా పడుకునే గది అది. మార్చిలో దాన్ని ఆపేసింది తనే. కంప్రెసర్ మూలుగుతోంది, వేసవిలో విప్పి చూద్దాంలే అని చెప్పి మరీ ఆపేశాడు. వేసవికి ముందే దానితో పని పడుతుందని ఎవరనుకున్నారు?

అతను వెళ్ళేసరికి ఓపా గుడ్ల అట్ట ఒకదాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూస్తోంది. గసగసాల్లాంటి గుడ్లు. నిన్నటి దాకా బూడిద రంగులో ఉన్నవి ఇవాళ నీలం తిరుగుతున్నాయి.

"చూశావా? లోపల తల తయారైంది. రెండు రోజుల్లో బయటికొచ్చేస్తాయి. వచ్చాక ఆకు లేకపోతే రెండో పూటకి చస్తాయి. ఈ నీలం మీదే పట్టుకుని ఐదు డిగ్రీల్లో పడుకోబెట్టగలిగితే, పది రోజులు ఆగుతాయి. కానీ గాలి పొడిగా ఉండకూడదు. పొడిబారిందా, గుడ్డు గుంట పడి లోపలే ఎండిపోతుంది."

"అంటే చలీ కావాలి, తేమా కావాలి."

"అదే మరి. ఆ రెండింటికీ పడదని నాకు తెలుసు. వాటిని కలపమనే నిన్ను పిలిచింది."

అంతలో డైరెక్టర్ తుర్గున్ అకా, అందరూ అన్నా అని పిలిచే ఆయన, ఇద్దర్నీ తన గదిలోకి పిలిచాడు. లావుపాటి మనిషి, చెమటలు కారుతున్నాయి. ముందర టీ చల్లారిపోయి ఉంది. పురుగుల్ని ఊళ్ళకు పంచే తేదీ జిల్లా ఆఫీసు నుంచి ఖరారైపోయింది. పొద్దున్నుంచీ ఫోన్లు వస్తూనే ఉన్నాయి.

"చల్లగది నడుస్తుందా, నడవదా? ఒక్క మాట చెప్పండి. నడవదంటే గుడ్లు ఇవాళే పంచేస్తాను. ఏ ఇంట్లో పొదిగించుకుంటారో, ఏం పెట్టుకుంటారో వాళ్ళ ఇష్టం."

"అబ్బ, ఎంత తెలివి!" అంది ఓపా. "మన చేతిలో చావకుండా మవ్‌జుదా చేతిలో చస్తే పాపం మనది కాదు, అంతేగా?"

"నన్ను తిట్టి ఏం లాభం ఓపా? నాకు మాత్రం బాధ ఉండదా? తమ్ముడూ, నువ్వు చెప్పు. సాయంత్రానికల్లా ఐదు డిగ్రీలు వస్తుందా?"

హిక్మత్ ఇంకా చల్లగది తలుపైనా తెరవలేదు. ఆ మూలుగు అతని చెవిలో ఇంకా ఉంది. చూసి చెప్తానంటే సరిపోయేది. కాని చూసి చెప్పేలోపు తుర్గున్ అకా ఫోనెత్తేలా ఉన్నాడు. వ్యాన్లు బయల్దేరితే ఇక వెనక్కి రావు.

"వస్తుంది," అన్నాడు.

తుర్గున్ అకా అతని కళ్ళలోకి చూశాడు, ఫోనెత్తాడు, పంపిణీ ఆపమని జిల్లాకి చెప్పాడు. అవతలి గొంతు గట్టిగా అరవడం ఇవతలికి వినిపించింది. ఫోను పెట్టేసి, "నీ మాట మీద చెప్పాను," అన్నాడు నెమ్మదిగా.

నడవాలోకి రాగానే ఓపా అడిగింది. "నిజంగా వస్తుందా?"

"తెలీదు ఓపా."

"మంచిది," అంది ఆవిడ. "ఆ సంగతి నాతో ఆగనీ."

చల్లగది కరెంటు పెట్టె తెరవగానే కాలిన వాసన కొట్టింది. కంప్రెసర్‌కి కరెంటు అందించే కాంటాక్టర్ మాడి, లోపలి రేకులు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. మార్గిలాన్ పట్నంలో ఇద్దరు దుకాణదారులకు ఫోను చేశాడు. ఒకరి దగ్గర చిన్నదే ఉంది. రెండోవాడు తాష్కెంట్ నుంచి తెప్పించాలి, రేపు సాయంత్రానికి రావచ్చు అన్నాడు. రేపు సాయంత్రానికి గుడ్లు పగలడం మొదలవుతుంది.

అదే రకం కాంటాక్టర్ ఇంకొకటి ఈ భవనంలో ఉంది. దాన్ని బిగించింది తనే కాబట్టి హిక్మత్‌కు బాగా తెలుసు. అది సమోవార్‌లో ఉంది.

అతను పొదుగు గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపల వెచ్చగా, తడిగా, బుసబుసమంటూ ఉంది. ఎలా చెప్పాలో తెలియలేదు.

"ఓపా, ఇది తీసి అక్కడ పెట్టాలి."

"తీస్తే మళ్ళీ ఎప్పుడు పెడతావు?"

"రేపు కొత్తది వచ్చాక. ఈలోపు ఇదొక్కటే దిక్కు. ఇక్కడైనా ఉండాలి, అక్కడైనా ఉండాలి."

"అక్కడ చలి రాకపోతే?"

 చలీ రాక, ఇక్కడ తేమా పోతే, గుడ్లు పంచడానికి కూడా మిగలవు.

ఓపా చేత్తో ఒక అట్ట అంచు సవరించింది. సవరించాల్సిన అవసరమేమీ లేదు దానికి. తర్వాత వెనక్కి తిరిగి పనివాళ్ళను కేకేసింది. "దుప్పట్లు తీసుకురండమ్మా! బాగా తడిపి కట్టండి, నేల మీద నీళ్ళు చల్లండి. సమోవార్ చల్లారుతోంది, ఇక మనమే సమోవార్లం!" ఆ తర్వాత హిక్మత్ వైపు చూడకుండానే అంది, "తియ్యి."

కాంటాక్టర్ మార్చేసరికి మధ్యాహ్నం దాటింది. స్విచ్ వేశాడు. కంప్రెసర్ ఒక్క కుదుపు ఇచ్చి, మూలిగి, ఆగకుండా తిరగసాగింది. హిక్మత్ దాని మీద చెయ్యి వేసి ఉంచాడు, జ్వరమొచ్చిన పిల్లాడి వీపు మీద వేసినట్టు. గోడ మీద డిగ్రీలు చూపే ముల్లు కదిలింది. పద్దెనిమిది నుంచి పద్నాలుగు, పదకొండు. తొమ్మిది దగ్గర ఆగింది. ఆగి, కాసేపటికి పైకి పాకడం మొదలెట్టింది.

ఓపా పంపిన నాన్ రొట్టె, టీ గుమ్మంలో అలాగే ఉన్నాయి.  నిచ్చెన వేసుకుని ఎక్కి చూశాడు. భయపడిందే అయింది. చల్లటి గొట్టాల కాయిల్ మొత్తం తెల్లగా మంచు కట్టి, గాలి దూరే సందు లేకుండా మూసుకుపోయింది. తేమ కోసం తను ఈ చల్లగదిలోనూ కట్టిన తడిగుడ్డల నీళ్ళన్నీ అదే తాగేసింది. గదికి తేమ ఎంత ఇస్తే అంతా లాక్కుని మంచు చేసుకుంటోంది. మిషను ఆపి ఆ మంచు కరిగిస్తే గది వేడెక్కుతుంది. ఆపకపోతే గాలే ఆడదు.

నీళ్ళు పోసి కరిగించాడు. ముల్లు పదమూడుకు చేరింది. ఫోను మోగింది. తుర్గున్ అకా.

"ఎంతుంది?"

"దిగుతోంది అకా."

"ఎంతుంది అని అడిగాను."

"పదమూడు."

 "జిల్లా వాళ్ళు మనిషిని పంపుతున్నారు," అని ఫోను పెట్టేశాడు.

హిక్మత్ నిచ్చెన మెట్టు మీదే కూర్చుండిపోయాడు.   మవ్‌జుదా సున్నం వేసిన గది కళ్ళముందు కదిలింది. అలాంటి గదులు ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఎన్ని ఉన్నాయో. 'చూసి చెప్తాను' అని ఉంటే ఎంత బాగుండేది!

అలా కూర్చుని ఎదుటి గోడ వైపు చూస్తుంటే, అక్కడి రెండో కాయిల్ కనిపించింది. దాని ఫ్యాను పట్టేసి చాలా ఏళ్ళైంది. ఒక్క కాయిలే సరిపోతోంది కదా అని ఎవరూ దాని జోలికి పోలేదు. హిక్మత్ దాన్నే చూస్తూ ఉండిపోయాడు. ఒక్కటే గది మొత్తాన్ని చల్లబరచాలంటే మరీ గడ్డకట్టేంత చల్లగా మారాలి. అందుకే నీళ్ళన్నీ దాని మీదే మంచవుతున్నాయి. రెండూ పని పంచుకుంటే? ఒక్కోటి గదికన్నా కొంచెం చల్లగా ఉంటే చాలు. మంచు తక్కువ కడుతుంది, తేమ గాలిలోనే ఉంటుంది.

లేచాడు. రెండో ఫ్యాను విప్పితే లోపల దుమ్ము, పాత గ్రీజు కలిసి తారులా గట్టిపడి ఉన్నాయి. కిరసనాయిలు పోశాడు, గీకాడు, రెక్కలు పట్టుకుని చేత్తో తిప్పాడు. కదల్లేదు. మళ్ళీ పోశాడు. ఓపా లోపలికొచ్చి నిలబడింది.

"అక్కడ తేమ తగ్గుతోంది," అంది. "దుప్పట్లు ఎంత తడిపినా ఆగట్లేదు. నిన్ను తొందరపెట్టడానికి రాలేదు. చెప్పకుండా ఉండలేక వచ్చాను."

"ఈ రెక్క పట్టుకుంటారా ఓపా?"

ఆవిడ తలగుడ్డ బిగించుకుని రెక్క పట్టుకుంది. ఇద్దరూ కలిసి తోశారు. కర్రుమంటూ కొంచెం కదిలింది. ఇంకొంచెం కదిలింది. ఆ తర్వాత ఒక్కసారిగా వదులై తిరిగింది. ఓపా పట్టు తప్పి గోడకి ఆనుకుంది.

"గాడిద," అంది ఫ్యానుని. "ఇంతసేపు బతిమాలించుకోవాలా?"

రెండు కాయిళ్ళూ తెరిచి, గ్యాసు సన్నగా సరిచేసి వదిలాడు. ముల్లు ఈసారి మెల్లగా దిగింది. చాలా మెల్లగా, చూసేవాడి ప్రాణం తీసేలా. పది. తొమ్మిది. తొమ్మిది దగ్గర హిక్మత్ నిచ్చెన ఎక్కి చూశాడు. ఎనిమిది. కాయిల్ మీద సన్నని తెల్లటి పొర కట్టింది గాని మూసుకుపోలేదు. పొద్దు గుంకే వేళకి ముల్లు ఆరు దగ్గర నిలిచింది. అక్కణ్ణుంచి కదల్లేదు.

"ఐదు రాలేదు ఓపా."

"ఆరు నాకు చాలు. తుర్గున్‌కి మాత్రం ఐదనే చెప్పు, పాపం నిద్రపోతాడు."

గుడ్లకి ఉన్నట్టుండి చలి తగలకూడదు. అందుకని ముందుగా అట్టల్ని నడవాలో కొంతసేపు ఉంచారు. ఆ తర్వాత ఆడవాళ్ళు వరసగా నిలబడి ఒకరి చేతినుంచి ఒకరు అందుకుంటూ లోపలికి చేర్చారు. ఎడమ గోడ వైపు అరల దగ్గర నిలబడి సాయం పడుతుంటే హిక్మత్ మెడకి చల్లటి గాలి సూటిగా తగిలింది. రెండో ఫ్యాను గాలి. అక్కడ ఒక చెక్క పలక అడ్డం పెట్టాలి అనుకున్నాడు. కానీ అట్టలు వస్తూనే ఉన్నాయి, తలుపు తెరిచి ఉంది, వేడి లోపలికి వస్తోంది. ఒక గుడ్డ వేలాడదీసి సరిపెట్టాడు.

జిల్లా మనిషి వచ్చి, ముల్లు చూసి, చలికి భుజాలు రుద్దుకుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు తాష్కెంట్ నుంచి కాంటాక్టర్ వచ్చింది, సమోవార్ మళ్ళీ బుసకొట్టింది. కానీ హిక్మత్‌కి మనసు కుదుట పడలేదు. పొద్దునా సాయంత్రం వెళ్ళి కాయిళ్ళ మీది మంచు కరిగించేవాడు. పెళ్ళి హాలు కప్పు మీద పని చేస్తున్నా, మందుల గోదాములో ఉన్నా చెవిలో ఆ మూలుగే. భోజనం మధ్యలో లేచి ఓపాకి ఫోను చేసేవాడు. "తిరుగుతోందయ్యా, తిరుగుతోంది! తిండి తిను!" అని ఆవిడ కసిరేది. దారిలో కనబడ్డ ప్రతి మల్బరీ చెట్టు దగ్గరా బండి ఆపేవాడు. మాడిన చిగురు పక్కన కొత్త మొగ్గ, ముందు ఆవగింజంత, తర్వాత బార్లీ గింజంత. ఆకు విచ్చుకున్నది చూసిన రోజున బండి దిగకుండానే ఓపాకి చెప్పాడు. ఆవిడకి అప్పటికే తెలుసు.

అట్టల్ని అంచెలంచెలుగా వెచ్చబరిచారు. పురుగులు పుట్టేది తెల్లవారుజామునే. హిక్మత్ వెళ్ళేసరికి పొదుగు గదిలో ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. అట్టల మీద నల్లటి వెంట్రుక ముక్కల్లాంటివి కదులుతున్నాయి. ఆడవాళ్ళు లేతాకు పొగాకులా సన్నగా తరిగి వాటి మీద చల్లుతున్నారు.

ఎడమ వైపు అరల్లో మాత్రం కదలిక లేదు. గుడ్లు మధ్యలో గుంటలు పడి అలాగే ఉన్నాయి. ఓపా ఒక్కో అట్టా తీసి, వెలుగులో చూసి, పక్కన పెడుతోంది.

"ఆ ఫ్యాను గాలి," అన్నాడు హిక్మత్.  "ఆ రోజే నా మెడకి తగిలింది ఓపా. పలక పెట్టాల్సింది."

"పెట్టాల్సింది," అంది ఆవిడ. ఓదార్చలేదు, దెప్పలేదు. ఇంకో అట్ట వెలుగులోకి ఎత్తింది. "మూడు అరలు పోయాయి. మిగతావన్నీ బతికాయి. అందరికీ కాస్త కాస్త తగ్గించి పంచుతాను. నువ్వు అడ్డంగా నిలబడకు, వెలుగు ఆపుతున్నావు."

అతను పక్కకి జరిగాడు.

ఆ సాయంత్రం మవ్‌జుదా తన వాటాకి వచ్చిన పురుగుల పెట్టె తెరిచి చూసి మూతి ముడిచింది. "ఇంత గది ఖాళీ చేస్తే ఇన్నేనా?"

హిక్మత్ ఎడమ అరల సంగతి దాచకుండా చెప్పాడు. పలక సంగతి కూడా చెప్పాడు. ఆవిడ వింటూనే ఆకు తరిగింది. 

"ఊళ్ళో ఇంకెవరికైనా చెప్పావా ఈ మాట?"

"ఓపాకి చెప్పాను."

"రేపు తుర్గున్ అకాకి కూడా చెప్పు. వచ్చే ఏడు ఆ పలక నువ్వు మర్చిపోయినా ఆయన మర్చిపోడు." తరిగిన ఆకు గుప్పిట పట్టి పెట్టెలో పలచగా చల్లింది. "ఇంతకీ ఈ గది గాలి బాగుందంటావా? నాకు పొడిగా అనిపిస్తోంది."

అతను గది మధ్యలో నిలబడి మెడ మీదికి ఏ గాలైనా తగులుతోందేమోనని చూసుకున్నాడు. కిటికీ సందులోంచి వస్తోంది. పాత దుప్పటి వెతకడానికి వెళ్ళబోయి, ఆగి, పెరట్లోంచి చెక్క పలకే తెచ్చాడు.