తారు కింది అక్షరాలు

యెహెజ్కేలు మేస్త్రికి తెలియనిది ఏదైనా ఉండవచ్చునని రావులపాలెం రోడ్డులో ఎవరూ అనుకోరు. ముప్ఫై ఏళ్లుగా అదే షెడ్డు. నడుస్తున్న బండికి చెవి ఒగ్గి, గేరుబాక్సులో ఏ చక్రం పళ్లు అరిగాయో చెప్పగలడు. అయితే అవన్నీ క్లచ్ తొక్కి గేరు మార్చే బళ్లు. ఆటోమేటిక్ గేరుబాక్సును ఆయన రెండే రెండుసార్లు దించాడు. ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

బుల్లబ్బాయి పికప్పును తాడు కట్టి షెడ్డుకు లాక్కొచ్చారు. బుల్లబ్బాయి లంక తోటల్లోని అరటి గెలలను ఏటిగట్టు దాటించి మార్కెట్టుకు చేరవేస్తాడు. మూడేళ్ల కిందట షుగరు పుండు ముదిరి, రాజమహేంద్రవరం ఆసుపత్రిలో ఎడమకాలు మోకాలి దిగువన తీసేశారు. క్లచ్ తొక్కే కాలు అది. ఉన్న బండి అమ్మేసి, ఎక్కడెక్కడో వెతికి, క్లచ్ లేని ఈ పాత పికప్పు కొన్నాడు. దీనికి కుడికాలు ఒక్కటి చాలు. గెల ఎత్తలేడు, చేలగట్టు మీద నాలుగడుగులు నడవలేడు. స్టీరింగు ముందు కూర్చున్నంతసేపూ మాత్రం ఆయనకు ఏ లోపమూ లేదు. ఆ సీటు కూడా పోతే తనకు మిగిలేది ఇంటి అరుగేనని ఒకసారి నవ్వుతూ అన్నాడు. యెహెజ్కేలుకు ఆ నవ్వు గుర్తుండిపోయింది.

గేరుబాక్సులో నూనె నల్లబడి మాడు వాసన కొడుతోంది. లోపలి పలకలు కాలిపోయాయి. బాగుచేయడం కుదరదు, అలాంటిదే ఇంకొకటి తెచ్చి మార్చాలి. చిక్కంతా ‘అలాంటిదే’ అన్న మాటలోనే ఉంది. ఆ పెట్టెలు పైకి కవల పిల్లల్లా ఉంటాయి. లోపలి గుణం వేరు. ఏది ఏదో చెప్పగలిగేది పక్కన బిగించిన చిన్న రేకు, దాని మీద కొట్టిన అక్షరాలు.

ఆ రేకు కనిపించలేదు. బుల్లబ్బాయి తండ్రి రేవులో పడవ నడిపినవాడు. ఏటా వేసవిలో పడవను ఒడ్డుకు లాగి, బోర్లించి, అడుగున తారు పూసేవాడు. కొడుకూ తన పికప్పుకు అదే చేశాడు. వరద ఒండ్రు పట్టుకుంటే ఇనుమును తినేస్తుందని, ఊతకర్ర పక్కన పడేసి, బండి కిందికి వెల్లకిలా జరిగి, తన చేతులతోనే పూసుకున్నాడు. మూడు వేసవుల తారు అంగుళం మందాన గడ్డకట్టి ఉంది.

విజయవాడలో పాత సామాన్లు అమ్మే శ్యాంబాబు తన దగ్గరున్న గేరుబాక్సు ఫొటో ఫోనులో పంపాడు. అడుగు పళ్లెం ఆకారం అదే, బోల్టులు అన్నే, వైర్ల సాకెట్టూ అదే. ఫోను చేసి, బండిలో ఉన్న పెట్టె రేకు మీది నంబరు చదవమన్నాడు. సాయంత్రం ఇంకొకరు చూడటానికి వస్తున్నారని కూడా చెప్పాడు. బుల్లబ్బాయి ఎదురుగా స్టూలు మీద కూర్చుని మేస్త్రి ముఖంలోకే చూస్తున్నాడు.

“అదేనండి. పంపించెయ్యండి,” అన్నాడు యెహెజ్కేలు.

“చూసే చెబుతున్నారాండి?” అని ఫోనులో అడిగాడు శ్యాంబాబు.

“ముప్ఫై ఏళ్ల నుంచీ చూస్తూనే ఉన్నానండి.”

ఆ జవాబును ఆయన తరువాత చాలాసార్లు తిరగేసుకున్నాడు. అందులో అబద్ధం లేదు. అడిగినదానికి జవాబూ లేదు. బుల్లబ్బాయి అంత కష్టపడి పూసుకున్న తారును ఆయన కళ్లెదుటే గీకడానికి చేతులు రాలేదని మొదట సర్దిచెప్పుకున్నాడు. నిజం అది కాదు. గీకి చూడటమంటే, చూడకుండా చెప్పలేనని ఒప్పుకోవడం.

మిగిలిన పనంతా ఆయన తప్పు పట్టడానికి వీల్లేకుండా చేశాడు. రెండు రోజులు పట్టింది. ఇంజనుకూ గేరుబాక్సుకూ నడుమ కూర్చునే గుండ్రటి కన్వర్టరును మెల్లగా తిప్పుతూ, రెండుసార్లు లోపలికి దిగిన చప్పుడు విన్నాకే బోల్టులు బిగించాడు. ఎర్రటి కొత్త నూనె పోసి, ఇంజను తిరుగుతుండగా మట్టం చూశాడు. బండి కదిలింది. మీటర్ల మధ్య ఒక పసుపు దీపం మాత్రం ఆరలేదు. నాలుగు కిలోమీటర్లు నడిస్తే అదే ఆరుతుందని చెప్పి, తాను కూడా పక్క సీట్లోకి ఎక్కాడు.

చదును రోడ్డు మీద బండి బద్ధకంగా సాగింది. ఖాళీగా ఉంది కనుక మూలుగుతూ ఏటిగట్టు ఎక్కి, అవతల లంకలోకి దిగింది. అచ్చాయమ్మ తోటలో నరికిన గెలలు పొద్దుటి నుంచీ ఎదురుచూస్తున్నాయి. వాటిని కూలీల చేత ఎక్కించుకుని తిరిగి గట్టు దారి పట్టారు. ఏటవాలు సగం దాటేసరికి ఇంజను అరుపు పెరిగింది, చక్రాలు ఆగాయి. బండి వెనక్కి జారుతుంటే బుల్లబ్బాయి బ్రేకు మీద లేచి నిలబడినంత పని చేశాడు. మరోసారి ప్రయత్నించాడు. మూడోసారి కూలీలు చక్రాల వెనక రాళ్లు వేశారు.

యెహెజ్కేలుకు అర్థమైంది. బండి మెదడుకు, అంటే లోపలి కంప్యూటరుకు, ఈ పెట్టె పరాయిది. తన పాత పెట్టెను గుర్తుపట్టక, ప్రాణం నిలబెట్టుకోవడానికన్నట్టు మూడో గేరు దగ్గరే బిగుసుకుపోయింది. గట్టు ఎక్కించే కింది గేర్లు ఇక పడవని బుల్లబ్బాయికి చెప్పాడు.

“దీనికీ ఒక్క కాలే మిగిలిందన్నమాట,” అన్నాడు బుల్లబ్బాయి. మేస్త్రి నవ్వలేదు. మళ్లీ బుల్లబ్బాయే అడిగాడు. “రేకు మీద నంబరు చూశారా మేస్త్రిగారూ?”

“చూడలేదండి.”

బుల్లబ్బాయి స్టీరింగు మీది చేతులు తీయలేదు. “దాన్ని తారుతో కప్పేసింది నేనే కదండీ.”

ఆ మాట నిందకన్నా బరువుగా ఉంది. తప్పును ఆయన ఎంతో సులువుగా తన వైపు జరుపుకున్నాడు. దాన్ని అక్కడే ఉండనివ్వడం ఇంకా సులువు.

“తారుది కాదండి తప్పు. తెలీదని చెప్పలేకపోయాను. అంతే,” అన్నాడు యెహెజ్కేలు.

అచ్చాయమ్మ ట్రాక్టరు పిలిపించింది. గెలలు దాంట్లోకి మారాయి. రేపటి నుంచి కూడా ట్రాక్టరే వస్తుందని, బుల్లబ్బాయిని ఇక శ్రమపడవద్దని ఎంతో ఆదరంగా చెప్పింది. ట్రాక్టరు పికప్పుకు తాడు కట్టి గట్టు దాటించి, షెడ్డు దాకా లాక్కొచ్చింది. తాడుతో లాగించుకునే బండికైనా స్టీరింగు పట్టే మనిషి ఉండాలి గనుక బుల్లబ్బాయి ఆ సీట్లోనే కూర్చుని వచ్చాడు.

యెహెజ్కేలు మూలన పడేసిన పాత గేరుబాక్సు ముందు కూర్చుని, కిరసనాయిలు పోసి, గీకుడు కత్తి అందుకున్నాడు. పావుగంట పట్టింది. అంతే పట్టింది. తారు కింద ఆ చిన్న రేకు నిన్న బిగించినట్టే ఉంది. తుప్పు చుక్కైనా అంటలేదు, ఒక్క అక్షరమూ చెరగలేదు. బుల్లబ్బాయి పూసిన పూత తన పని తాను చక్కగా చేసింది. కొత్తగా తెచ్చిన పెట్టె మీది అక్షరాలతో అందులో నాలుగు మాత్రమే కలిశాయి. ఆయన ఫోను తీసి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి శ్యాంబాబుకు చదివి వినిపించాడు. ఆ రకం చూసి రెండేళ్లయిందని, నూనె పోసి తిప్పిన పెట్టెను తిరిగి తీసుకోవడం ఆ వ్యాపారంలో ఎవరూ చేయరని శ్యాంబాబు చెప్పాడు.

బుల్లబ్బాయి ఇంకా సీట్లోంచి దిగలేదు. ఊతకర్ర పక్క సీట్లో ఉంది.

“ఏమన్నారండి?”

దొరకవచ్చునన్న మాట, వెతుకుదామన్న మాట యెహెజ్కేలు నోటి దాకా వచ్చాయి. రెండూ ఆయనకు తెలియనివే.

“లేదన్నారండి,” అన్నాడు.

బుల్లబ్బాయి తల ఊపి, అలవాటుగా గేరు కర్రను పార్కింగులోకి నెట్టాడు.